గుండిగ షోర్వా, గిన్నె సూపూ

మా తండాలో పెళ్లి ఖాయమైతే ముందు అడిగేది ముహూర్తం గురించి కాదు, ఆ రోజు రూప్‌సింగ్ కాక ఖాళీగా ఉంటాడా అని. అశ్వారావుపేట చుట్టుపక్కల మా తండాల్లో పెళ్లయినా, పండగైనా, దినమైనా మాంసం వండేది మగవాళ్లే. మూడు రాళ్లు పెట్టి, గుండిగ ఎక్కించి, భుజాన తువ్వాలతో అటూ ఇటూ తిరుగుతూ కేకలు వేస్తుంటారు. ఆ కేకలన్నిటిలోకీ పెద్ద కేక మా కాకది. మిగతా రోజుల్లో పామాయిల్ గెలలు ట్రాక్టర్‌లో ఫ్యాక్టరీకి తోలతాడు. అది కడుపు కోసం, ఈ మాంసం షోర్వ పేరు కోసం.

పేరు నిజంగానే ఉంది. ఉప్పు నోట్లో వేసుకోకుండా వాసన చూసి చెబుతాడు. నాలుగు వందల మందికి వండినా కారం ఎక్కువైందన్నవాడు ఇంతవరకూ లేడు. ఇంట్లో మాత్రం మంచినీళ్లు కూడా ముంచుకోడు. పొయ్యి దగ్గరికి పోయాడంటే బీడీ ముట్టించుకోవడానికే. కాక వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. నేను సోనిని, ఇక్కడి అంగన్‌వాడీలో టీచర్ని. గోడ పొట్టిది, నా నోరు పెద్దది, కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి.

వానాకాలంలో ఒక పొద్దున కాక భార్య సోమ్లి చిన్నమ్మ పేడతట్ట ఎత్తుకుని పోతూ కొట్టం ముందు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. సత్తుపల్లిలో ఎముకల డాక్టరు కట్టు వేసి, ఈ చేత్తో గ్లాసు కూడా ఎత్తొద్దన్నాడు. బరువు పడితే ఎముక వంకరగా అతుక్కుంటుందట. అప్పుడు కోసి, విరిచి, రాడ్ వేయాల్సి వస్తుందట. ఆ మాట విన్నప్పటి నుంచి చిన్నమ్మ ఆ చేతిని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తిరిగింది. చిన్నమ్మ ఆశంతా ఒక్కటే, చెయ్యి తిన్నగా అతుక్కోవాలి. ఆ చెయ్యి లేకపోతే ఆ ఇల్లు నడవదని ఆమెకు తెలుసు.

విరిగిన ఎముకను చూడటానికి వచ్చినవాళ్లు ఏం చెబుతారో తెలిసిందే కదా. మేక కాళ్ల పాయ తాగించాలి, రోజూ తాగించాలి, చిక్కగా తాగించాలి. కాక మంచం మీద కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకూ అది ఎలా కాయాలో వివరించేవాడు.

"కాళ్లు మంట మీద గాల్చాలె. ఎంట్రుక వాసన పోవాలె. గీకి కడగాలె. ఇగ సన్నమంట మీద పొద్దంత మరగాలె. గప్పుడు బొక్కల సత్తువంత నీళ్లకు దిగుతది" అనేవాడు.

వినేవాళ్లకు నోరూరేది. "నీ అసుంటి మొగడు దొరికిండు, సోమ్లికేం తక్కువ" అని లేచి వెళ్లేవాళ్లు. వాళ్లకు ఎడమ చేత్తో టీ కాచి ఇచ్చేది సోమ్లి చిన్నమ్మే. కాళ్లు కాల్చిన వాసన మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తగల్లేదు.

కూతురు సువర్ణ ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. రెండో వారం సెలవు దొరికి వచ్చింది. తల్లి ఎడమ చేత్తో అన్నం గిన్నె వంచుతుండటం చూసింది. మళ్లీ వచ్చినప్పుడు ఆటోలో ఒక ఓవెన్, ఒక పెద్ద అట్టపెట్టె దించింది. పెట్టె నిండా సూపు గిన్నెలు. ప్లాస్టిక్ గిన్నెలో సూపు తయారుగా ఉంటుంది. పైన పొర కొంచెం చింపి, ఓవెన్‌లో పెట్టి, రెండు నిమిషాలు తిప్పితే అయిపోతుంది. నొక్కాల్సిన బటన్ మీద సువర్ణ ఎర్ర బొట్టుబిళ్ల అతికించింది.

"అమ్మా, పొయ్యి జోలికి పోకు. ఆకలైతే గిది నొక్కు. నేను వచ్చినప్పుడు తిండి సంగతి నేను చూసుకుంట" అంది.

అన్యాయంగా మాట్లాడను, ఆ సూపులో లోపాలు లేకపోలేదు. ఉప్పు దంచి పోశారు. మొక్కజొన్న గింజలు వెతుక్కుంటే దొరుకుతాయి. అంచుల దగ్గర సలసల కాగి, నడుమ చల్లగా ఉంటుంది. పొర తీస్తే ఆవిరి వేళ్లకు తగిలి చురుక్కుమంటుంది. తాగిన గంటకే కడుపు మళ్లీ అడుగుతుంది. గాలి గట్టిగా వీస్తే మా తండాకు కరెంటు పోతుంది, అప్పుడది సూపూ కాదు, ఏమీ కాదు. ఖాళీ గిన్నెలు మేకలు కొరికి పెరడంతా చిందరవందర చేశాయి.

కానీ మొదటి రోజు సోమ్లి చిన్నమ్మ మొహం నేను చూశాను. పొరను పళ్లతో పట్టి చింపింది. బొట్టుబిళ్ల మీద ఎడమ వేలితో నొక్కింది. కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చుంది. లోపల గిన్నె తిరుగుతుంటే చూస్తూ నవ్వింది. టింగ్ మనగానే తీసుకుని, ఊదుకుంటూ తాగింది. ఊదాల్సిన పొయ్యి లేదు, ముందుగా వడ్డించాల్సిన మనిషి లేడు.

"మంచిగున్నదా చిన్నమ్మా" అని అడిగాను.

"ఉప్పుగున్నది. అయినా నేను కూసుంటే అదే ఉడుకుతాంది సోనీ. నా బతుకుల గిట్ల ఎన్నడు కూసోలే" అంది.

 కాకకు మాత్రం ఒళ్లు మండింది. తన ఇంట్లో, తన పేరుకు, ప్లాస్టిక్ గిన్నె ఎసరు పెట్టిందనుకున్నాడు. ఆ రోజు నుంచి మంచం మీది ప్రసంగం మారింది. నిప్పు చూడని వంట వంట కాదు. బొక్క లేని సూపుతో బొక్క ఎట్ల అతుకుతది. మందులు గలిపిన నీళ్లు తాగితే ఉన్న సత్తువ పోతది. వచ్చినవాళ్లంతా తలలూపారు. వాళ్లలోనూ ఎవరూ పాయ కాచి తేలేదు.

ఒకరోజు నాకు ఓపిక నశించింది. గోడ మీద నుంచే అడిగాను, "కాకా, ఇన్ని దినాలసంది చెప్తనే ఉన్నవ్. నువ్వే చిన్నమ్మకు ఒక్కసారి కాచి పెట్టరాదా" అని.

మంచం చుట్టూ ఉన్న నలుగురూ ఆయన వైపు చూశారు. కాక మొహం ఎర్రబడింది. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఐతారం కాస్త. నువ్వు గూడ వచ్చి తాగు" అన్నాడు.

ఆదివారం పొద్దున గోడ అవతల నుంచి కేకలు వినపడ్డాయి. తొంగిచూస్తే వాకిట్లో మూడు రాళ్లు, వాటి మీద తండా గుండిగ. పక్కన మేక కాళ్లు, తలకాయలు రెండు గోనెసంచులు. చిన్న గిన్నెలో ఒక మనిషికి వండటం ఆయనకు తెలియదు. కాళ్లు నాలుగైతే నీళ్లెన్ని, ఉప్పెంత అనేది ఆయన జన్మలో ఆలోచించలేదు. ఆయన చేతికి గుండిగ కొలతే అలవాటు. గుండిగ ఎక్కాక తాగేవాళ్లు కావాలి కదా, తెల్లారకముందే కబురు పంపాడు. పినపాక నుంచి బామ్మర్ది తిరుపతి కూడా బండి మీద దిగాడు.

మగవాళ్లు వండితే ఆడవాళ్లకు పని ఉండదనుకునేవాళ్లు ఒకసారి మా తండాకు రావాలి. గుండిగ దగ్గర నుంచి ఒక్కొక్క కేకా వచ్చింది. "సోమ్లీ, అల్లం ఏడున్నది." "సోమ్లీ, మిరియాలు దంచినవా." "సోమ్లీ, గా పెద్ద తట్ట ఇటియ్యి." నేను రోలు లాక్కున్నాను, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వెల్లుల్లి ఒలిచారు. అయినా ఏ డబ్బా ఎక్కడుందో తెలిసింది చిన్నమ్మకే కాబట్టి, కట్టు చేతిని కొంగులో చుట్టుకుని ఆమె లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది.

షోర్వ అద్భుతంగా కుదిరింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, వాసనకే చెరువు అవతలి కుక్కలు వచ్చాయి. మగవాళ్లు వరుసగా కూర్చున్నారు. మా దగ్గర వాళ్లు తిన్నాకే ఆడవాళ్లు తింటారు. తిరుపతి మూడుసార్లు పోయించుకున్నాడు. "ఇంక పొయ్యి, ఇంక పొయ్యి" అంటుంటే కాక గంటె ముంచి ముంచి పోశాడు. పోస్తున్నంతసేపూ భార్య మీద తన ప్రేమ గురించే మాట్లాడాడు. సోమ్లి చెయ్యి కోసమే ఇదంతా అన్నాడు. అందరూ బాగా మెచ్చుకున్నారు.

ఆడవాళ్ల వంతు వచ్చేసరికి గుండిగలో మసాలా అడుగు, నాలుగు బొక్కలు మిగిలాయి.  చిన్నమ్మ మాత్రం ఏమీ జరగనట్టు లోపలికి వెళ్లింది, సూపు తాగుదామని. అట్టపెట్టె తెరిచింది. పెట్టె ఖాళీ. పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికింది.

"గిండ్ల సూపు గిన్నెలు ఏమైనయ్" అని కాకను అడిగింది.

కాక తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. "ఫ్యాక్టరీకి పట్టుకపోయిన. డ్రైవర్లకు చూపిద్దామని, గిదెంత పాడుగుంటదో."

"అన్ని పట్టుకపోయినవా."

"రోజు ఒకటో రెండో. ఆడ క్యాంటీన్ల గూడ గసుంటి ఓవెన్ ఉన్నది. పాడుగుంటదని చెప్పాలంటే తాగి చూడాలె గద. గెలలు దించేలోపల అయిపోతది, జల్దీ."

అంటే మంచం మీద ఉపన్యాసం, ట్రాక్టర్ మీద సూపు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. మా ఇంటికి రమ్మని చిన్నమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె రాలేదు. ఇంకా ఇంటికి పోని తమ్ముడు తిరుపతి, షోర్వ అయ్యాక అన్నం లేదా అని అడుగుతున్నాడు. చిన్నమ్మ పొయ్యి ముట్టించింది. నేను అందుకునేలోపే పెద్ద అన్నం గిన్నెను రెండు చేతులా పట్టి దించింది. దించేటప్పుడు ఆమె పెదవి కొరుక్కోవడం నేను చూశాను.

కట్టు విప్పే రోజు చిన్నమ్మ వెంట సత్తుపల్లికి సువర్ణ, కాక, నేను కలిసి వెళ్లాం. కత్తెర పెట్టి కట్టు కోశాక మణికట్టు పక్కకు వంగి ఉంది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"బరువేమైనా ఎత్తావా అమ్మా" అని అడిగాడు.

చిన్నమ్మ నోరు తెరిచేలోపు కాక అందుకున్నాడు. "డబ్బ సూపు తాగింది సార్. నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న."

"సూపు తాగితే ఉప్పు పెరగొచ్చు, ఎముక వంగదు" అన్నాడు డాక్టరు. "బరువు ఎత్తావా అని ఆమెను అడుగుతున్నాను."

"ఎత్తిన సార్" అంది చిన్నమ్మ. "అన్నం గిన్నె ఎత్తిన. నా చెయ్యి కోసమని ఈయన తండంతకు షోర్వ పోసిన దినం. అందరు తాగిండ్రు. నా నోట్లకు చుక్క రాలే."

 సువర్ణ కళ్లు తుడుచుకుంది. ఆపరేషన్ చేయాలనీ, ఆ తర్వాత చాలా రోజులు ఈ చేతికి పనే చెప్పకూడదనీ డాక్టరు అన్నాడు. అమ్మను ఖమ్మం తీసుకుపోయి అక్కడే చేయిస్తాననీ, చెయ్యి బాగయ్యేదాకా తన దగ్గరే పెట్టుకుంటాననీ సువర్ణ చెప్పింది.

కాక అటు డాక్టరును, ఇటు కూతురును చూశాడు. కోయడం ప్రమాదమా అని అడగలేదు, నొప్పి ఉంటుందా అనీ అడగలేదు.

"అప్పటిదాక నాకెవలు వండుతరు" అన్నాడు.

సోమ్లి చిన్నమ్మ వంగిన చేతిని కొంగులో పెట్టుకుని లేచింది.

"నాలుగు వందల మందికి వండెటోనివి. ఒక్కనికి వండుకోలేవా" అంది.