తాత ఆకులో ఏమీ లేదని చెప్పిన రూతక్క

నిన్న పొద్దున్న కొత్తవలస స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే అమ్మ ఫోన్ చేసింది. "రూతు పోయిందే. నిద్దట్లోనే పోయిందంట" అంది.

"ఏ రూతు?" అని అడిగాను.

మాకున్నది ఒక్క రూతే.

రూతక్క మా పెదనాన్న కూతురు. పాతపట్నంలో సోషల్ టీచర్. పెళ్లి చేసుకోలేదు. సెలవొస్తే చాలు, ఎవరింట్లో పాత ఫోటోలుంటే అక్కడ వాలిపోయేది. ఫోన్లో ఎక్కించుకుని, జూమ్ చేసుకుంటూ కూర్చునేది. అన్నానికి పిలిచినా లేచేది కాదు.

"మొకాలు సూడకే. మొకాలు ఫోటో కోసం తయారవుతాయి. సేతులు సూడు, కాళ్లు సూడు, కింద నేల సూడు" అనేది.

ఎవరిదో పెళ్లి ఫోటోలో వెనక కాసిని మెట్లు కనిపిస్తే, వాటిని పట్టుకుని, ఎప్పుడో కూలిపోయిన సత్రం ఎక్కడుండేదో తేల్చేసింది. పెళ్లికొడుకు ఎవరని అడిగితే "ఆడితో నాకేటి పని" అంది.

ఫేస్‌బుక్‌లో రెస్ట్ ఇన్ పీస్ అక్కా అని రాసి ఊరుకుంటే మీకందరికీ హాయిగా ఉంటుంది. నాకు ఉండదు.

నెల్లిమర్ల దగ్గర మా ఊళ్లో, పెదనాన్న ఇంటి ముందుగదిలో ఒక ఫోటో ఉంది. ఊరి కామందు ఇంట్లో సహపంక్తి భోజనం. అన్ని కులాలవాళ్లూ ఒకే వరుసలో కూర్చున్నారు. ఊరి బయటి మా పేట నుంచి మా తాత ఒక్కడే. అదీ కామందు పక్కనే.

పాస్టరుగారు వచ్చినా, గ్యాస్ బండ తెచ్చినవాడు వచ్చినా పెదనాన్న ఆ ఫోటో చూపించాల్సిందే. "మా అయ్య. కామందు పక్కన కూసుని తిన్నాడు."

ఒకసారి ఈస్టర్‌కి సున్నాలేస్తూ ఫోటో దించారు. అక్క జూమ్ చేసింది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చింది.

అందరి ఆకుల్లో సగం తిన్న అన్నం ఉంది. కామందు వేళ్లకి మెతుకులున్నాయి.

తాత ఆకులో ఏమీ లేదు.

తాత రెండు చేతులూ మోకాళ్ల మీద ఉన్నాయి, పిడికిళ్లు బిగించి. వడ్డించేవాడు ఆయన్ని దాటేసి అవతలివాడికి వడ్డిస్తున్నాడు.

మా ముసలి మేనత్తని అడిగితే ఒప్పుకుంది. ఫోటో కోసం కూర్చోబెట్టారట, తియ్యగానే లేపేశారట. "ఇంటికొచ్చి గంజి తాగాడే" అంది.

మరుసటి ఏడు కామందు మనవడు వాళ్ల తాత పేరున సభ పెట్టాడు. అదే ఫోటో, ఇంత పెద్ద ఫ్లెక్సీ. ఫోటోలో ఉన్నాయన మనవరాలని అక్కని స్టేజీ ఎక్కించి మాట్లాడమన్నారు. మాట్లాడింది. ఆ ఆకు వేలుపెట్టి చూపించి మరీ చెప్పింది.

మనవడు నవ్వుతూ మైకు తీసుకున్నాడు. "ఆకైనా ఏసారు కదమ్మా" అన్నాడు.

జనం నవ్వారు. మావాళ్లూ నవ్వారు. ఇది చదువుతున్నవాళ్లలో కూడా ఆ రోజు నవ్వినవాళ్లున్నారు. పేర్లు రాయను, మీకు తెలుసు.

అక్క దానికి ఏడవలేదు. ఇంటికొచ్చాక పెదనాన్న అన్నదానికి ఏడ్చింది.

"ఆళ్లు మా అయ్యని ఒక్కసారే లేపారు. నువ్వు ఊరందరి ముందు మళ్లీ లేపేసావు. ఇంక నా గుమ్మం తొక్కకు."

తొక్కలేదు. నిన్న సాయంత్రం పెట్టెలో వచ్చింది.

పెట్టె ముందుగదిలోనే పెట్టారు. అక్క స్కూలు హెడ్మాస్టరు పాతపట్నం నుంచి వచ్చారు. పెదనాన్న లేచాడు. కూతురి తల పక్కనుంచి నడిచి ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లాడు.

"మా అయ్యండీ. కామందు పక్కన కూసుని తిన్నాడు."

అక్క అక్కడే పడుకుని ఉంది.

"తినలేదు పెదనాన్నా" అన్నాను. "ఆకు కాళీగా ఉన్నాది, సూడు."

అమ్మ నా చెయ్యి గిల్లింది. ఎనభై దాటిన మనిషి, బిడ్డ శవం ఇంట్లో ఉంది, జాలి పడాలని నాకూ తెలుసు. పడలేదు.

"నీకెవలు సెప్పారే?" అన్నాడు, గోడ మీంచి చెయ్యి తియ్యకుండా.

"నీ కూతురు."

ఆయన ఫోటో వైపూ చూడలేదు, పెట్టె వైపూ చూడలేదు.

ఇవాళ పొద్దున్న అక్కని మట్టి చేసి వచ్చాం. ఫోటో ఇంకా గోడకే ఉంది.

వెళ్లిరా అక్కా. నువ్వు చెప్పిన మాట ఆ ఇంట్లో చెప్పేశాను. ప్రభువు దగ్గరైనా నీకు శాంతి దొరకాలి.