మా టైపు మాస్టారి వెబ్ సర్వర్

మా టైపు మాస్టారు పోయారని పోయిన వారం బాపట్ల నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "రేపల్లె శిష్యులంతా పొద్దున్నే వచ్చేశారక్కా. మీకే చెప్పడం ఆలస్యమైంది" అంది. మనిషి పోయాడన్న బాధ కంటే ముందు, వాళ్ళకి నాకంటే ముందు తెలిసిందే అన్న ఉక్రోషం వచ్చింది నాకు. ఆయన విషయంలో ఈ అసూయ నాకు కొత్తది కాదు. అది చెప్పకుండా ఆయన గురించి రాస్తే అబద్ధమవుతుంది.

ఇంటర్ సెలవుల్లో బాపట్లలో ఆయన దగ్గరే టైపు నేర్చుకున్నాను. గదిలో ఐదు మిషన్లు. అక్షరాలు కనపడకుండా మీటల మీద అట్టముక్క అడ్డం పెట్టేవారు. "వేళ్ళు చేసే పనిలోకి కళ్ళని రానివ్వకమ్మా" అనేవారు. తప్పు కొడితే తిట్టేవారు కాదు. కాగితం వెలుతురుకెత్తి చూసి, "మళ్ళీ కొడదాం" అనేవారు. మళ్ళీ కొట్టాల్సింది నేనే అయినా, కొడదాం అనేవారు.

తొంభైల చివరికొచ్చేసరికి టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదివి, తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో జావా కోర్సులో చేరాను. మొదటి రోజు వెళ్ళేసరికి నా పక్క కుర్చీలో మాస్టారు. యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా టక్ చేసుకుని, కొత్త నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నారు.

"మీరేంటి మాస్టారూ ఇక్కడ?"

"నేర్చుకుందామనమ్మా. నాకు తెలియనివి నువ్వు చెబుదువుగాని."

ఆ మాట నాకు భలే నచ్చింది. రెండు వారాలు చెప్పాను కూడా. మూడో వారం నుంచి ఆయన నన్ను అడగడం మానేశారు. నా అవసరం లేదు కాబోలు అనిపించి ఎక్కడో చురుక్కుమంది. పాఠం చెప్పే సారు ఆయన కొడుకు వయసువాడు. మాస్టారి ప్రోగ్రామ్ చూసి, "ఇంత శుభ్రంగా ఎవరూ రాయరండీ" అని అందరికీ చూపించాడు. నా ప్రోగ్రామ్ ఏనాడూ చూపించలేదు.

చివర్లో ప్రాజెక్టు ఇచ్చారు. సొంతంగా ఒక చిన్న వెబ్ సర్వర్ రాయాలి. ఒక కంప్యూటర్‌లో మన ప్రోగ్రామ్ నడుస్తుంటే, ఇంకో కంప్యూటర్ వైరు మీద ఫలానా పేజీ కావాలని అడుగుతుంది, మనది పంపించాలి. అంతే. కానీ రేపల్లెలో తెరవబోయే కొత్త శాఖకి పాఠం చెప్పే మనిషి కావాలనీ, ప్రాజెక్టు చూసే ఎంపిక చేస్తామనీ యజమాని చెప్పారు. ఆ ఉద్యోగం నాదేనని ఇంట్లో చెప్పేశాను.

నా సర్వర్ పేజీ పంపేది గానీ అవతల తెల్లటి తెర తప్ప ఏమీ కనపడేది కాదు. నాలుగు రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. మాస్టారు నా భుజం మీదుగా ఒకసారి చూశారు.

"ఉత్తరంలో పైన వివరాలు కొట్టాక, విషయం మొదలెట్టేముందు ఒక లైను ఖాళీ వదలమని చెప్పానుగా అమ్మా? ఇక్కడా పేజీకి ముందు పంపే వివరాల తర్వాత అంతే. నువ్వు వదల్లేదు."

వదిలాను. పేజీ వచ్చింది. థాంక్స్ చెప్పలేకపోయాను. మూడేళ్ళు కంప్యూటర్లు చదివిన నాకు కనపడనిది ఆయనకి ఒక్క చూపులో కనపడిందని కుళ్ళిపోయాను.

అందుకే యజమాని ముందు ఆయన సర్వర్ చూపించే రోజున ఒక పని చేశాను. మూడో కంప్యూటర్ నుంచి ఆయన సర్వర్‌కి కనెక్షన్ కలిపి, ఏ పేజీ అడగకుండా వదిలేశాను. ఒకసారికి ఒకళ్ళనే చూసుకునే ఆ సర్వర్ నా కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. యజమాని తన కంప్యూటర్ నుంచి ఎన్నిసార్లు నొక్కినా పేజీ రాలేదు.

అప్పుడు ఏమీ ఎరగనట్టు అడిగాను. "ఒకళ్ళు వచ్చి ఏమీ అడక్కుండా నిలబడితే మిగతావాళ్ళ గతేంటి మాస్టారూ?"

ఆయన నా తెర వైపు చూశారు. అర్థమైపోయింది ఆయనకి. మొహంలో కోపం లేదు. "ఆ సంగతి నాకు తట్టలేదండి" అన్నారు యజమానితో. తర్వాత నోటుబుక్కు తెరిచి నా వైపు తిరిగారు. "మంచి ప్రశ్న. ఏం చెయ్యాలో చెప్పమ్మా, రాసుకుంటాను."

నాకు తెలియదు. చెడగొట్టడం వరకే తెలుసు. గదిలో అందరూ నా జవాబు కోసం చూస్తుంటే తలొంచుకుని నిలబడ్డాను. రేపల్లె ఉద్యోగం ఆయనకిచ్చారు. అడిగితే తెలియదని చెప్పగలిగినవాడే పాఠం చెప్పాలన్నారు యజమాని. ఆ మాట నన్ను ఏడాదిపాటు కాల్చింది.

జవాబు మాత్రం నెల తిరక్కుండానే దొరికింది. వచ్చిన ప్రతివాళ్ళకీ ప్రోగ్రామ్‌లోనే విడివిడిగా ఒక పనివాణ్ణి కేటాయించాలి. అప్పుడు ఒకళ్ళు ఊరికే నిలబడ్డా ఇంకొకళ్ళ పని ఆగదు. ఆయన దగ్గర గొప్ప చూపించుకోవాలనే ఓ శనివారం రేపల్లె రైలెక్కాను.

క్లాసులో పదిమంది పిల్లలున్నారు. నన్ను చూడగానే మాస్టారి మొహం వెలిగింది. "మంచి ప్రశ్న ఒకటి ఉందని చెప్పానే, అది అడిగింది ఈ అమ్మాయే" అన్నారు వాళ్ళతో. నేను చేసిన పని చెప్పలేదు. ప్రశ్న ఒక్కటే చెప్పారు. నా చేతికి సుద్దముక్క ఇచ్చి, ఆయన వెళ్ళి వెనక బల్ల మీద ఇద్దరు ఆడపిల్లల మధ్య కూర్చుని రాసుకున్నారు. నేను బోర్డు మీద రాస్తున్నంతసేపూ వాళ్ళు ఆయన్ని గుసగుసగా సందేహాలు అడుగుతూనే ఉన్నారు. చెబుతున్నది నేను. అడుగుతున్నది ఆయన్ని.

సాయంత్రం ఇద్దరం ఒకే రైలుకి తిరిగి రావాలి. స్టేషన్‌కి నడిచే దారిలోనే మాస్టారితో ఒంటరిగా మాట్లాడి, ఆ రోజు చేసినదానికి క్షమించమని అడుగుదామనుకున్నాను. కానీ పిల్లలంతా స్టేషన్ దాకా వచ్చారు. ఒకమ్మాయి ఆయన టిఫిన్ బాక్సు పట్టుకుంది. ఇంకొకమ్మాయి గొడుగు. ఒకబ్బాయి సంచి భుజాన వేసుకుని ముందు పరిగెత్తాడు సీటు పట్టడానికి. మాస్టారు చేతులూపుకుంటూ, వాళ్ళతో ఏదో నవ్వుతూ, ప్లాట్‌ఫారం పొడుగునా నడుస్తున్నారు. నాకు పట్టుకోవడానికి ఆయనది ఒక్క వస్తువు కూడా మిగల్లేదు. వట్టి చేతులతో వెనక నడిచాను.