పిల్లప్ప మర్చిపోయిన సంచి

బంగారు గని పనివాళ్ళ ఇళ్ళ వరసలైన కోరమండల్ లైన్లలో పిల్లప్పకున్నంత మతిమరుపు ఇంకెవరికీ లేదు. ఆ మాట ఆయనే చెప్పేవాడు. అదీ రోజుకు నాలుగుసార్లు, ఎందుకంటే ముందు చెప్పిన సంగతి మర్చిపోయేవాడు. గొడుగు పట్టుకుని వెళితే గొడుగు లేకుండా వచ్చేవాడు. చెప్పులేసుకుని వెళితే ఒకటి తనది, ఒకటి ఇంకెవరిదో వేసుకుని వచ్చేవాడు. ఒకసారి ముళబాగిలు బస్సెక్కి కూర్చుంటే కండక్టరు, "యాడికప్పా?" అని అడిగాడట. "నేనూ అదే ఆలోచిస్తా ఉండానప్పా. ఈ బస్సు యాడికి పోతాదో చెప్పు, సరిపోతే ఆడికే ఇచ్చేయి" అన్నాడట ఈయన.

మనుషుల పేర్ల విషయంలో మరీ అన్యాయం. దానికి కారణం ఆయన ఉద్యోగం. బంగారు గనిలో ముప్పై ఏళ్ళు ల్యాంపు రూములో పనిచేశాడు. కిందికి దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి టోకెను ఆయన చేతికిచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం ఇచ్చేసి టోకెను తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా మేకుల పలక మీద టోకెను మిగిలిందంటే, ఆ మనిషి ఇంకా భూమి కిందే ఉన్నాడని అర్థం. అందుకని పిల్లప్పకు లోకంలో ఉన్నవి నంబర్లే. రెండువేల ఒకటిలో గని మూతపడిందిగానీ ఆయన నంబర్లు మూతపడలేదు. పెళ్ళిపత్రిక తెచ్చినవాణ్ణి పట్టుకుని, "నువ్వు తొమ్మిదినూర్ల మూడు కొడుకువా, అల్లుడివా?" అని విచారించేవాడు.

మూడో ఇంటి జయరాం టోకెను ఆరునూర్ల పద్నాలుగు. అందువల్ల జయరాం కూతురు పుట్టినప్పటి నుంచీ పిల్లప్పకు ఆరునూర్ల పద్నాలుగు కూతురే.

"నాకు పేరుండాది తాతా. గంగరత్న" అని ఆ పిల్ల ఒకరోజు తేల్చి చెప్పింది.

"మంచి పేరు. ఎప్పుడు పెట్టినారు?"

"ఇరవై రెండేండ్లాయ."

"నాతో చెప్పనేలేదే" అని నొచ్చుకున్నాడు ఆయన. నామకరణం రోజు బూందీ తిన్న మొదటి మనిషి ఆయనే.

గని పోయాక లైన్లలో సగంమంది పొద్దున రైలెక్కి బెంగళూరులో పనులకు పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళు. పిల్లప్పకు అది కూడా కిందికి దిగడం కిందే లెక్క. ఇంటి గోడకు మేకులు కొట్టిన పలకొకటి తగిలించి, రైలుకు పోయేవాళ్ళ దగ్గర పాత టోకెన్లు అడిగి తీసుకునేవాడు. ఆఖరి షిఫ్టునాడు ఎవరి టోకెను వాళ్ళకే దక్కింది కాబట్టి ఇంటింటా ఒకటుండేది. "నాకు జ్ఞాపకం ఉండదప్పా. ఎవరు వచ్చినారో, ఎవరు రాలేదో పలకే చెప్పాల" అనేవాడు. పనీపాటా లేని ముసలాయన సరదా కదా అని అందరూ ఇచ్చేవాళ్ళు, సాయంత్రం వచ్చేటప్పుడు తీసుకునేవాళ్ళు.

ఇవన్నీ ఒక ఎత్తు, సంచి సంగతి ఒక ఎత్తు. బైరకూరులో పిల్లప్ప తమ్ముడికి చేనుంది. నెలకోసారి అక్కడికి పోయి, రాగులు ఆడించిన పిండి సంచి భుజాన వేసుకుని వచ్చేవాడు. బస్సు దిగి ఇల్లు చేరేలోపు దారిలో ఎవరింట్లోనో కూర్చుని మంచినీళ్ళు తాగి, సంచి అక్కడే పెట్టి లేచిపోయేవాడు. అప్పుడు ఆయన భార్య చిన్నవెంకటమ్మ వీధిలో నిలబడి అందుకునేది.

"సంచి యాడ?"

"ఏ సంచి?"

"పిండి సంచి."

"తెచ్చినానా?"

ఆ తర్వాత చిన్నవెంకటమ్మ తిట్టే తిట్లు లైను చివరి కుళాయి దగ్గరికి కూడా స్పష్టంగా వినపడేవి. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు ఆ పూటకు నీళ్ళు వదిలేసి అవే విని వెళ్ళేవాళ్ళు. వారం పోయాక పిల్లప్ప తీరిగ్గా ఆ ఇంటికి వచ్చి, "ఇదే నా సంచి, వారమంతా వెతుకుతా ఉండా" అని ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుపోయేవాడు. పిండేమైందని అడిగేవాడు కాదు. లోపల పిండి ఉండిందన్న సంగతి కూడా మర్చిపోయాడని జనం పడీపడీ నవ్వుకునేవాళ్ళు. ఎవరికి కాస్త మతి తప్పినా, పిల్లప్ప సంచి అనడం లైన్లలో అలవాటైపోయింది.

ఇట్లాంటి మనిషి దగ్గర గంగరత్న ఇంగ్లీషు నేర్చుకుందంటే నమ్మడం కష్టమేగానీ, గతిలేక జరిగింది. నర్సు చదువు మంచి మార్కులతో పూర్తిచేసింది. బెంగళూరులో విదేశాల రోగులు ఎక్కువగా వచ్చే పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగానికి పెట్టుకుంది. సూదులూ కట్లూ అన్నిట్లో పాసైంది. ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో మాత్రం రెండుసార్లు పోయింది. ఒక చీటీ ఇస్తారు, అందులో ఉన్న విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడాలి. గంగరత్న నీటి కాలుష్యం, నాకిష్టమైన పండుగ, చెట్ల ఉపయోగాలు అని పదహారు వ్యాసాలు బట్టీ పట్టింది. పరీక్ష గదిలో కూర్చోగానే పదహారూ కలిసికట్టుగా మాయమయ్యేవి. మూడోసారి పోతే ఇంక ఆ ఆస్పత్రి గడప తొక్కడానికి లేదు. తండ్రి మోకాళ్ళు పోయి ఇంట్లో కూర్చున్నాడు. తల్లి సొన్నమ్మ బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కీ తొక్కీ నడుము పట్టేసుకుని కూడా ఆ రైలెక్కుతూనే ఉంది. ఈ ఉద్యోగం వస్తే సొన్నమ్మ రైలు దిగొచ్చు.

"నాకూ నీ మాదిరే మతిమరుపు పట్టుకునింది తాతా" అని గంగరత్న పరీక్షకు ముందురోజు పిల్లప్ప గడప మీద కూలబడింది.

"ఇంగ్లీషుకు భయమెందుకమ్మా? నేను మాట్లాడలా? పెద్ద ఇంజనీరు వచ్చి ఎట్లుండాది అంటే, టోకెన్ నిల్, మ్యాన్ అప్, నో మ్యాన్ డౌన్ అనేవాణ్ణి. ముప్పై ఏండ్లు గడిచిపాయ."

"ఆ మూడు ముక్కలతో రెండు నిమిషాలు మాట్లాడాల తాతా."

"మెల్లగా మాట్లాడు."

గంగరత్నకు ఒళ్ళు మండింది. పిల్లప్ప మాత్రం అదే గొప్ప రహస్యమన్నట్టు, "గని బాయిలోకి దిగేవాడు పాఠం బట్టీ పట్టుకోని దిగుతాడా? దీపం ముందర పెట్టుకోని, ఎంత కనపడితే అంత అడుగేస్తాడు. నువ్వూ అంతే చెయ్యి" అన్నాడు. మర్నాడు పొద్దున టోకెను ఇచ్చి రైలుకు పరుగెడుతుంటే వెనక నుంచి, "ఆరునూర్ల పద్నాలుగూ, ఈ పొద్దు ఏమన్నా విశేషమా?" అని కేక వేశాడు. ముందురోజు గంటసేపు చెప్పించుకున్న మనిషి.

పరీక్ష గదిలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ ఎదురుగా కూర్చుంది. చీటీ చేతికిచ్చింది. మీకు తెలిసిన ఒక మతిమరుపు మనిషిని గురించి చెప్పండి, అని రాసుంది. గంగరత్న చీటీని రెండుసార్లు చదివి, అటు తిప్పి ఇటు తిప్పి, లోపల్లోపల కోరమండల్ దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంది. పదహారు వ్యాసాల్లో ఇది లేదు. దీనికి వ్యాసం అక్కర్లేదు.

మొదలుపెట్టింది. బస్సు కండక్టరు సంగతి చెప్పింది, చెప్పుల సంగతి చెప్పింది, నంబర్ల సంగతి చెప్పింది. మాట దొరకనిచోట ఆగి, వెతుక్కుని, దొరికిన మాటతో ముందుకు పోయింది. పెద్దావిడ రెండుసార్లు నవ్వింది, ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ ధైర్యంతో గంగరత్న సంచి కథ ఎత్తుకుంది. రెండు నిమిషాలూ ఎప్పుడైపోయాయో తెలియలేదు. ఇక మిగిలింది ప్రశ్నలే.

"ఆ సంచి ఎన్నిసార్లు మర్చిపోయాడు?" అని ఇంగ్లీషులో అడిగింది ఆవిడ.

"ప్రతి నెలా మేడమ్. రెండేళ్ళు."

"ఎవరింట్లో?"

"మా ఇంట్లోనే."

"ఏ రెండేళ్ళు?"

"గని మూతపడినాక, మా నాయనకు పని లేనప్పుడు."

"ఆ తర్వాత ఆయనకు జ్ఞాపకశక్తి బాగుపడిందా?"

"లేదు మేడమ్. మా అమ్మకు ఫ్యాక్టరీలో పని దొరికినాక, మారమ్మత్త ఇంట్లో మర్చిపోవడం మొదలుపెట్టాడు. వాళ్ళాయనకు ఊపిరితిత్తుల్లో గని దుమ్ము, పనికి పోలేడు. కాబట్టి..."

కాబట్టి దగ్గర గంగరత్న ఆగిపోయింది.

ఈ కథ తెలుగులో వందసార్లు చెప్పుకున్నారు. పిల్లప్ప సంచి అనగానే, తక్కిన మాటలు రాకముందే నవ్వు వచ్చేసేది, ఎవరూ చివరిదాకా చెప్పుకున్నది లేదు. ఇంగ్లీషులో అట్లా పరుగెత్తడానికి లేదు. ఎవరు, యాడ, ఎప్పుడు అని ఒక్కొక్క ముక్కా వెతికి తీసి ముందర పెట్టాలి. అట్లా వరసగా పెట్టేసరికి, అన్నీ కలిసి ఆమెకేసే చూస్తున్నాయి. వెయ్యి మంది నంబర్లు ఒక్కటీ తప్పకుండా చెప్పే మనిషి, భుజం మీది పది సేర్ల బరువు దించి మర్చిపోతాడా? పొయ్యి వెలగని ఇల్లు చూసి మరీ మర్చిపోతాడా?

పెద్దావిడ గోడ గడియారం చూసింది. గంగరత్నకు ఏడుపూ నవ్వూ కోపమూ మూడూ కలిసి వచ్చాయి. కోపమే ముందొచ్చింది.

"ఆయనకు మతిమరుపు లేదు మేడమ్. పెద్ద అబద్ధాలకోరు" అంది.

"అయితే మీరు ప్రశ్నకు జవాబు చెప్పనట్టే కదా? నేనడిగింది మతిమరుపు మనిషిని గురించి" అంది ఆవిడ, కాగితం మీద కలం ఆపి.

ఉద్యోగం చేజారిపోతోందని గంగరత్నకు తెలిసింది. దీపం ముందర పెట్టుకుంది. మెల్లగా మాట్లాడింది.

"చెప్పాను మేడమ్. ఆ మతిమరుపు మనుషులం మేమే. రెండేళ్ళు ఆయన పిండి తిన్నాం. ఆయన్ను చూసి నవ్వాం. అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం మర్చిపోయాం."

పెద్దావిడ కాగితం మీద ఏదో రాసి, మధ్యాహ్నం మూడింటికి జాబితా పెడతామని చెప్పింది. మూడింటికి పెట్టిన జాబితాలో గంగరత్న పేరు నాలుగోది.

రైలు గంటంపావు ఆలస్యం. కోరమండల్ చేరేసరికి లైన్లలో దీపాలు పెడుతున్నారు. పిల్లప్ప ఇంటి పలక మీద ఒక్క టోకెనే మిగిలింది. దాని కింద మెట్టు మీద పిల్లప్ప కూర్చుని ఉన్నాడు. లోపలి నుంచి చిన్నవెంకటమ్మ సంగటి చల్లారిపోతోందని అరుస్తోంది.

"నాకోసం కూర్చోనుండావా తాతా?"

"గాలికి కూర్చున్నా. నువ్వు యాడికన్నా పోయింటివా?"

"పాసైనాను. వచ్చే సోమవారం చేరమన్నారు."

పిల్లప్ప మొహం ఇంతైంది. వెంటనే దాన్ని సర్దుకుని, టోకెను తీసి ఆమె చేతిలో పెట్టాడు. గంగరత్న వదల్లేదు.

"తాతా, గని మూసినప్పుడు మా ఇంట్లో సంచి మర్చిపోయినావు గదా?"

"ఏ సంచి?"

"రాగిపిండి సంచి."

"ఎవరింట్లో?"

"మా ఇంట్లో."

"నువ్వెవరు?"

ఇంక లోపలున్న చిన్నవెంకటమ్మకు ఓపిక చచ్చిపోయింది. గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "చాల్లే నీ నాటకం, తెలిసిపోయినాక ఇంగేముండాది. అమ్మీ, ఆ సంచి నెలనెలా ఉతికి ఎండేసి ఈయన చేతికిచ్చింది ఎవరనుకున్నావు? తిట్టీ తిట్టీ నా గొంతే పాయ. కొంచెం మెల్లగా తిడతానయ్యా అంటే, కుళాయి కాడికి వినపడకపోతే ఎవరూ నమ్మరు అంటాడు."

పిల్లప్ప పట్టుబడిన దొంగలా అటూ ఇటూ చూశాడు. "ఎనిమిదినూర్ల తొమ్మిది పెండ్లానికి చెప్పొద్దమ్మా" అన్నాడు. మారమ్మత్త మొగుడి నంబరది. "తెలిస్తే ఇంగ సంచి ముట్టదు."

"ఏం చెప్పొద్దు తాతా? అప్పుడే మర్చిపోయినా" అంది గంగరత్న.

అయితే ఆయన మతిమరుపంతా నాటకమేనని ఎవరూ అనుకోవద్దు. ఆ రాత్రి సంగటి తిని లేచి, గంగరత్న చెప్పులు తన కాళ్ళకు వేసుకుని పెరట్లోకి వెళ్ళాడు. అది నిజం మతిమరుపే.

సొన్నమ్మ రైలు మానేసిన నెలలో, ఒక పొద్దున గంగరత్న టోకెను ఇవ్వడానికి వచ్చి, మంచినీళ్ళు తాగి, చేతిలోని సంచి గడప పక్కన పెట్టి వెళ్ళిపోయింది. అందులో కాఫీపొడి, మోకాళ్ళకు రాసుకునే నూనె, ఒక కొత్త గొడుగు ఉన్నాయి. అప్పుడే మూడో ఇంట్లో సొన్నమ్మ గొంతు లేచింది. "నా కూతురికీ ఆ పిల్లప్ప జబ్బే తగులుకునింది, సంచి యాడ పెట్టిందో ఏమో" అని తిట్టే తిట్లు కుళాయి దగ్గరికి స్పష్టంగా వినపడ్డాయి. చిన్నవెంకటమ్మ చెవొగ్గి విని, కొత్తదే అయినా బాగానే తిడుతోందని మెచ్చుకుంది.

పిల్లప్ప సంచి ఎత్తుకుని, ఆయాసపడుతూ స్టేషను దాకా వచ్చి నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి నంబరు వదిలేసి పిలిచాడు.

"గంగరత్నా, సంచి మర్చిపోయినావమ్మా."

గంగరత్న రైలు మెట్టెక్కుతూ వెనక్కి తిరిగింది.

"ఏ సంచి తాతా?"