దూది దగ్గు

పరుపులాయన దగ్గితే వీధిలో ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. ఇరవై ఏళ్లుగా దూది ఏకే యంత్రం పక్కన నిలబడ్డవాడికి దగ్గు రాకపోతే వింతగానీ, వస్తే ఏముంది? కొట్టంటే పొడవాటి గది, ఒకే కిటికీ. దూది ఎగురుతుందని దాన్నీ మూసే ఉంచేవారు. ఆయన ఏకేవాడు. బావమరిది గుడ్డసంచుల్లో దూది కూరి, పెద్ద సూదితో కుట్టేవాడు.

"ఏం బావా, ఛాతీలో కూడా పరుపు కుడుతున్నావా?" అనేవాడు బావమరిది.

"కుట్టడం అవగానే నీకే ఇస్తాలే."

మందుల షాపువాడు ఎర్ర సీసా ఇచ్చాడు. అది అయిపోతే మరొకటి. పొద్దు వాలితే ఒళ్లు వెచ్చబడేది. చొక్కా వంకీకి తగిలించినట్టు వేలాడేది. ఆస్పత్రికి వెళ్లమని భార్య పోరుపెడితే, "ఈ హాస్టలు పరుపులు అయిపోనీ" అనేవాడు. అవి అయ్యాక ఇంకేవో వచ్చేవి. అసలు సంగతి భయం. టీబీ అన్న మాట బయటికి పొక్కితే తను కుట్టిన పరుపు మీద ఎవరు పడుకుంటారు?

దగ్గు ముదిరిన ఆరో నెలలో తెల్లటి దూది మీద నెత్తురు పడింది. గబుక్కున కాలితో కిందికి తోశాడు. బావమరిది చూడనే చూశాడు. యంత్రం ఆపి, చొక్కా అందించి, వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది. "మొదట్లోనే వచ్చుంటే..." అంటూ చీటీ రాసింది. "మీతో ఉండేవాళ్లందరికీ పరీక్ష చెయ్యాలి."

భార్యకు ఏమీ లేదు. బావమరిదికి ఉంది. ఇంకా మొదట్లోనే ఉంది.

మాత్రల కోసం బల్ల మీద కూర్చున్నప్పుడు పరుపులాయన నేల చూస్తూ అన్నాడు: "నా నుంచే కదరా నీకు."

"నీ దగ్గు విని ఆర్నెల్లు నవ్వింది నేనే కదా బావా. ఊరుకో."

బావమరిది భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. అంతకుముందు వారం తీసుకెళ్లిన కొత్త పరుపును ఎవరో కొట్టు మెట్ల మీద పడేసి పోయారు. వానకు తడిసి అది అక్కడే మురిగింది.

ఆరు నెలలు ఇద్దరూ ఒక్క రోజు తప్పకుండా మాత్రలు మింగారు. వాంతులు, కీళ్ల నొప్పులు, నోట్లో చేదు. బావమరిది తేరుకున్నాడు, ఒళ్లు చేశాడు. భార్యాపిల్లలూ తిరిగొచ్చారు. పరుపులాయనకూ జబ్బు నయమైందని కాగితం ఇచ్చారుగానీ, ఒక ఊపిరితిత్తి మాత్రం ముడుచుకుపోయింది. ఇక దుమ్ములోకి వెళ్లొద్దన్నారు.

ఇప్పుడు కొట్టు బావమరిదిది. పరుపులాయన ఇంట్లో దిండు గలీబులు కుడతాడు, రోజుకు మూడో నాలుగో. మేడ మీద ఆరేసిన బట్టలు తేవాలంటే నాలుగో మెట్టు మీద కూర్చుంటాడు. భార్య కింద నుంచి, "వదిలెయ్, నేను తెస్తాలే" అంటుంది. అయినా కాసేపు ఆగి, లేచి, ఐదో మెట్టు ఎక్కుతాడు.