కాటా అడుగున

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన ఆయన, ఇప్పటికీ కూరగాయల కొట్టులో కాటా పళ్లెం ఎత్తి అడుగున అయస్కాంతం ఉందేమో చూస్తాడు. అలవాటుపడ్డ కొట్టువాడు ఈమధ్య తనే ఎత్తి చూపిస్తున్నాడు. ఆ చొరవ మీద ఆయనకు మళ్లీ అనుమానం. ఆ తర్వాత ఒక్కో వంకాయనూ తిప్పి చూసి, పుచ్చువి పక్కన పడేసి, మంచివే సంచిలో వేసుకుంటాడు.

అలాంటి మనిషిని రిటైర్మెంటు డబ్బు ఇండెక్స్ ఫండులో పెట్టమని ఒకరోజు అల్లుడు కూర్చోబెట్టాడు. "అందులో షేర్ మార్కెట్లోని యాభై పెద్ద కంపెనీలుంటాయి మావయ్యా. ఎంత పెద్దదైతే అంత బరువు."

"అంటే నాలుగు పెద్దవి పళ్లెం లాగేస్తే మిగతావి పేరుకేనా? సరే, చితికిపోయిన కంపెనీ సంగతి?"

"దాన్ని తీసేసి, ఎదిగినదాన్ని పెడతారు."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అదీ సంగతి! ఓడినవాళ్లను గప్‌చుప్‌గా గెంటేసి, ఇండెక్స్ పెరిగిందని చాటింపా?"

వంటింట్లోంచి భార్య అందుకుంది. "మీరు మాత్రం పుచ్చు వంకాయలు ఇంటికి తెస్తున్నారా ఏమిటి?"

ఆయన అల్లుడు తెచ్చిన కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. చివరికి సగం డబ్బుకు ఒప్పుకుని సంతకం పెట్టాడు. పెట్టాక ఆ కాగితాన్ని మెల్లగా ఎత్తి, అడుగున ఏముందోనని చూశాడు.