యాదగిరన్న తయారుచేసిన నమోదు పేజీ

గాజుల పని చేసే మా షాహీన్ మంగళవారం పొద్దున ఫోన్ చేసి, "అక్కా, యాదగిరి భాయ్ పోయిండు. గుండెపోటంట" అన్నది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే పురానాపూల్ దగ్గర ఆయన ఇంటర్నెట్ దుకాణంలో ఈ ఏటి మేళా గురించి మాట్లాడి వచ్చాను. అప్పడాల పిండి కలుపుతున్నదాన్ని అట్లాగే వదిలేసి వెళ్లాను.

ఇంట్లోనే సరుకు తయారుచేసుకునే పాతబస్తీ ఆడవాళ్లకు ఏటా జరిగే ఆ అమ్మకాల మేళాయే పెద్ద ఆధారం. అందులో స్టాల్ దొరకకపోతే ఆ ఏడు మా అప్పడాలు గల్లీ దాటవు. స్టాళ్ల నమోదు ఆన్‌లైన్‌లోకి మారిన మొదటి ఏడు మా గల్లీలో ఒక్క షాహీన్‌కే స్టాల్ వచ్చింది. మేమందరం ఆమె ఫోన్‌లోనే, ఆమె నంబరుతోనే పేర్లు ఎక్కించుకున్నాం. కొత్త పేరు ఎక్కినప్పుడల్లా పాతది చెరిగిపోయింది. అందరికన్నా చివర ఎక్కించుకున్నది షాహీన్.

"ఎవరి నంబరు వాళ్లకుండాలె గదా" అని మేళా కమిటీవాళ్లు విసుక్కుంటే యాదగిరన్న నవ్వాడు. "గల్లీకి ఒక్క ఫోనుంటే ఏం జేస్తరు సార్? మారాల్సింది పేజీ." అప్పటి నుంచి నమోదు పేజీ తయారుచేసే పని ఆయన మీదే పడింది.

కొత్త పేజీ తయారైతే ముందు నన్ను పిలిచేవాడు. నేను అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను, కూడబలుక్కుని చదువుతాను. ఫోన్ నా చేతికిచ్చి, తన చేతులు వెనక్కి కట్టుకునేవాడు.

"గిదేందన్నా, ఏం నొక్కాలె?"

"చెప్పనక్కా. నేను చెప్తే నీకొస్తది, పక్కింటామెకు రాదు."

"గంత తెలిస్తే నీ దుకాణానికి ఎందుకొస్త?"

"తిట్టు, తిట్టు. ఏడ ఆగినవో గది మాత్రం చూపెట్టు."

నేను ఆగిన చోటల్లా మాట మార్చేవాడు. 'ఉత్పత్తి వర్గం' తీసేసి 'ఏం అమ్ముతారు?' అని పెట్టాడు. ఉర్దూ చేర్చాడు. చదవలేనివాళ్లు నొక్కి వినడానికి షాహీన్ గొంతు రికార్డు చేశాడు. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కలేకపోతున్నారని, మేళా రోజు పేర్లు చూసే బల్లను పై అంతస్తు నుంచి గేటు దగ్గరికి దింపించాడు.

ఒక ఏడు స్టాళ్లన్నీ నిండాయని కమిటీ సంబరపడింది. ఆయన మాత్రం పేజీ తెరిచి సగంలో వదిలేసినవాళ్లను వెతుక్కుంటూ నయాపూల్ దాకా ఇల్లిల్లూ తిరిగాడు.

"అన్ని నిండినయ్ గదన్నా, ఇంకేం ఫికర్?" అన్నాను.

"దొరికినోళ్లు మంచిగుందనే అంటరు. దొరకనోళ్లు వచ్చి చెప్పరు గదక్కా. మనమే పోయి అడగాలె."

ఆయనను చివరిసారి చూడటానికి వచ్చిన ఆడవాళ్లలో చాలామందిని నేను ఎరగను. మా ఇంటికి కూడా వచ్చిండు, మా ఇంటికి కూడా వచ్చిండు అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

ఈ ఏటి నమోదు వచ్చే వారం మొదలవుతుంది. పేజీ ఆయన సిద్ధం చేసే వెళ్లాడు. స్టాళ్లు నిండుతాయి. మేళాలో ఆయన ఫోటో పెట్టి, అందరం పూలు వేసి దండం పెట్టుకుంటాం. ఆ రోజు అక్కడికి రాలేకపోయిన ఆడమనిషి ఎవరో, ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుందామని ఆమె గడప దగ్గర నిలబడే మనిషి మాకు ఇక లేడు.