పెన్న చెలమలో తెల్ల చిలప

పెన్నానదికి కట్టుబాటు చేసి వచ్చినవాడిని నేను. అటు పోయేవాళ్లకు పనికొస్తుందని ఆ ప్రయాణం చెబుతున్నాను.

మా అక్కది పెన్న ఒడ్డున పల్లె. ఎగువనున్న నేత ఊరివాళ్లు రంగు తొట్లు ఏట్లో కుమ్మరిస్తున్నారనీ, ఇసుక తవ్వి తోడుకునే చెలమ నీళ్లు ఎర్రబడ్డాయనీ, ఇట్లే ఉంటే ఇల్లు ఎత్తేసుకొని పోవాల్సిందేననీ కబురొచ్చింది. తల్లి లేని నన్ను సాకిన మనిషి ఆమె. నా దోసిట్లో ఆమె పోసే ఆ నీళ్లు ఇంకొక్కసారి తాగాలని ప్రాణం కొట్టుకుంది.

కర్నూల్లో వేకువనే రైలెక్కి, ద్రోణాచలంలో, గుంతకల్లులో బండ్లు మారి, ఎర్రగుంట్లలో దిగేసరికి పొద్దు వాలింది. గుంతకల్లులో ఉగ్గాని తినండి, బాగుంటుంది. అక్కడినుంచి, యుద్ధం వల్ల పెట్రోలు దొరకక, బొగ్గుతో నడిచే బస్సు. మిట్ట వస్తే దిగి తోయాలి. పక్కనున్న ఎగువ ఊరి నేతాయనకు, రంగునీళ్లు ఏట్లో పోయడం ఆపించను పోతున్నానని చెప్పాను.

"నూలు ఏట్లో జాడించకుంటే చీర యాడ్నుంచి వస్తాది పెద్దాయనా? మేము గాలి తిని బతకాల్నా?" అన్నాడు.

అంతలో మిట్ట వచ్చింది, దిగి బస్సు తోయను పోయాను. గట్టి జవాబే ఇచ్చానని తరువాత అందరికీ చెప్పాను లెండి.

మర్నాడు ఏటి ఒడ్డునే పంచాయతీ. దినానికి ఎన్ని తొట్లు పోయొచ్చునని మధ్యాహ్నం దాకా కొట్లాడుకున్నారు.

"తొట్లు లెక్కబెడతారేమప్పా? ఏరు పారేటప్పుడు పది పోసినా కొట్టుకపోతాది. ఎండినప్పుడు ఒకటి పోసినా మా కడవలోకే వస్తాది. తెల్లనూలు చిలప మా చెలమలో రాత్రంతా నాననీండి. రంగు పట్టిందా, ఆ దినం ఒక్క తొట్టీ ఏట్లోకి రాకూడదు. గట్టున గుంత తీసి పోసుకోండి."

ఈ మాటకు రెండూళ్లూ ఒప్పుకున్నాయి. ఆ మాట నాదేనని కర్నూల్లో చెప్పుకున్నాను. కాదు, అక్కది. ఆమె చెబుతుంటే చిలప, ఆ నూలు కట్ట, ఎత్తి పట్టుకున్నది మాత్రం నేనే.

ఇంకా కొన్నాళ్లున్నాను. ఇసుకలో కాళ్లు సాగక చెలమ దాకా పోలేదు. బయల్దేరే పొద్దున అక్క చెంబు తెచ్చింది. దోసిలి పట్టాను. అదే చలువ, అదే తీపి. కళ్లు తుడుచుకొని బండెక్కాను.

స్టేషన్‌కు బండి తోలుతున్న అక్క కొడుకుతో దారి పొడుగునా చెప్పాను, పెన్న మళ్లీ మునుపటి పెన్న అయిందని.

వాడు ఎద్దుల్ని అదిలించి అన్నాడు: "అవి ఏటి నీళ్లు గాదు మామా. కోడి కూయకముందే కొండకింద బాయికి పోయి అమ్మ మోసుకొచ్చె. నీకు చెప్పగాకు అనింది. చిలప ఇంకా ఎర్రగానే వస్తాండాది."